ధర్మకాంటా గదిలో నీలం తెర

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు మా ఇంటికి వచ్చి, వరండాలో కూర్చుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని ఏదో ఆఫీసు పని చేసుకుంటూ ఉండగా, ఉన్నట్టుండి దాని తెర నీలంగా మారిపోయింది. ఏదో ఇబ్బంది వచ్చిందనీ, దాని వివరాలు సేకరించుకుంటున్నాననీ, తరవాత తనంతట తానే మళ్ళీ మొదలవుతాననీ ఆ తెర మర్యాదగా చెప్పుకుంటోంది. కింద శాతం అంకె ఒకటి మెల్లగా పెరుగుతోంది. ఈ కాలం పిల్లలకి అంత ఓపిక ఎక్కడిది, విసుక్కుంటూ స్విచ్ మీద వేలు పెట్టి నొక్కబోయింది. నేనెప్పుడు లేచానో, నా ఒళ్ళో ఉన్న బఠాణీల పళ్ళెం ఎప్పుడు కింద పడిందో నాకు తెలియదు, దాని మణికట్టు పట్టుకుని ఇవతలికి లాగేశాను. ఎంత గట్టిగా పట్టుకున్నానంటే నా గాజు దాని చర్మం మీద అచ్చు పడింది. పిల్ల బిత్తరపోయి, "క్యా హువా పెద్దమ్మా?" అంది. మన జంషెడ్‌పూర్ పిల్లలు తెలుగులో అడిగిన దానికి హిందీలో జవాబు చెప్పడం మీకు తెలిసిందే కదా. నేను మాత్రం ఏ భాషలోనూ జవాబు చెప్పలేక, పూర్తి కానివ్వమని మాత్రం అని, కింద పడ్డ బఠాణీలు ఏరుకుంటూ కూర్చున్నాను.

దానికి చెప్పలేనిది నా ఈడువాళ్ళకి చెబితే అర్థమవుతుందనిపించి ఇది రాస్తున్నాను.

అవి మన ఊరు ఇంకా బీహారులో ఉన్న రోజులు. కొత్త రాష్ట్రం వస్తుందని అందరూ అనుకుంటున్నారు గానీ వచ్చేదాకా ఎవరికీ నమ్మకం లేదు. కంప్యూటరంటే చల్లటి గదిలో చెప్పులు విప్పి వెళ్ళి చూడవలసిన వస్తువన్న భక్తి కాస్త తగ్గి, దాన్ని దుమ్ములోకీ నూనె మరకల్లోకీ కూడా దించుతున్న కాలం. మేము కాసిడీహ్‌లో ఉండేవాళ్ళం. నేను సాక్చీలో ఒక చిన్న కంప్యూటర్ల కంపెనీలో పని చేసేదాన్ని. బయటికి వెళ్ళి మరమ్మతులు చేసేవాళ్ళలో ఆడపిల్లని నేనొక్కతెనే. సంచిలో ఒక స్క్రూడ్రైవరూ, కొన్ని ఫ్లాపీలూ, అమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా వేసుకుని ఆటోలో ఊరంతా తిరిగేదాన్ని.

మా అమ్మ తమ్ముడు, మా మావయ్య, బర్మామైన్స్ అవతల ఒక ప్రైవేటు యార్డులో కాంటా బాబుగా ఉండేవాడు. కొలిమిలోంచి తీసిన ఇనప చిట్టెం, అంటే స్లాగ్, లారీలకెత్తి సిమెంటు ఫ్యాక్టరీలకు పంపే యార్డు అది. లోపలికి వచ్చే ఖాళీ లారీనీ, బయటికి పోయే నిండు లారీనీ నేలలో పరిచిన ఇనప వేదిక మీద నిలబెట్టి, తూకం చూసి, చీటీ ఇచ్చి పంపడం ఆయన పని. అలా తూచే చోటుని అక్కడ ధర్మకాంటా అంటారు. అంత మంచి పేరున్న చోట అంత నెత్తురు పడుతుందని ఆ పేరు పెట్టినవాళ్ళు అనుకుని ఉండరు.

మావయ్య చెయ్యి గురించి ముందే చెప్పాలి. చిన్నతనంలో బర్మామైన్స్ అఖాడాలో కుస్తీ పట్టిన మనిషి. మా తాతగారు టెక్కలి వైపు నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు ప్లాంటులో చేరినప్పుడు, ఆ ఇరుకు సందుల్లో పెరిగే మగపిల్లాడు తన్నులు తినడమో తన్నడమో ఏదో ఒకటి నేర్చుకోక తప్పేది కాదట, మావయ్య రెండోది నేర్చుకున్నాడు. వీధి కుళాయి దగ్గర వరస తప్పించిన ఒకాయన బొటనవేలు వెనక్కి విరిచేశాడని చెప్పుకునేవారు. క్రికెట్టులో మనవాళ్ళు ఓడిపోతే రేడియో గోడకి వెళ్ళేది, కూరలో ఉప్పు తక్కువైతే కంచం వెళ్ళేది. ఆ గోడ మీద పప్పు మరకల్ని అత్త ఏటేటా దీపావళి సున్నంతో కప్పేది, మళ్ళీ హోలీ నాటికి కొత్తవి తయారయ్యేవి. అత్త ఒంటి మీద మరకల మాట మా ఇళ్ళల్లో ఎవరూ ఎత్తేవారు కారు, ఆ రోజులు అలాంటివి. నన్ను మాత్రం ఎప్పుడూ ఒక్క దెబ్బ వెయ్యలేదు. నేను చదువుకున్న గుంటనని, అంటే పిల్లనని, ఆయనకు ఒక గౌరవం, నలుగురిలో నన్ను చూపించి, ఇది మిషను గుండె విప్పి చూసి మళ్ళీ కుట్టేస్తాది అని చెప్పుకునేవాడు. యార్డు మేనేజరు ఆయన చదువు చూసి కాకుండా ఆ చెయ్యి చూసే ఉద్యోగం ఇచ్చాడని అందరికీ తెలుసు. లారీల వరస అదుపులో ఉండాలంటే కిటికీ వెనక భయపెట్టే మనిషి కావాలి.

ఆ కిటికీ వెనకే ఒక ఏడాది కంప్యూటర్ పెట్టారు. కాంటా నుంచి బరువు అంకెలు తీగ గుండా వచ్చి దానిలో పడేవి, మావయ్య లారీ నంబరు కొట్టగానే చీటీ అచ్చయి వచ్చేది. దాని బాగోగులు చూసుకునే పని మా కంపెనీకి వచ్చింది, మావయ్య ఉన్నాడు కదా అని అమ్మ ధైర్యం చెప్పడంతో నాకు వచ్చింది. మొదట్లో బాగానే నడిచింది. ఆ తరవాత ఎండలు ముదిరేసరికి, లారీ కాంటా మీద ఉండగానే తెర నీలంగా మారిపోయి, తెల్లటి అక్షరాలు బారులు తీరి, మిషను కట్టెలా బిగుసుకుపోవడం మొదలైంది. మావయ్య దాని నెత్తిన ఒక్కటి చరిచి, గోడకున్న మెయిన్ స్విచ్ దించి మళ్ళీ ఎత్తేవాడు. అది లేచి, కళ్ళు నులుముకుని, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేసరికి వెనక లారీల వరస రోడ్డు దాకా పాకేది. నేను వెళ్ళి తూకం ప్రోగ్రాములన్నీ చెరిపేసి మళ్ళీ ఎక్కించి వచ్చేదాన్ని, మా కంపెనీ వాళ్ళకి తెలిసిన మందు అదొక్కటే. కొన్నాళ్ళు బాగుండేది, మళ్ళీ అదే కథ.

ఆ ఆలస్యం ఎంత పెద్ద విషయమో బయటివాళ్ళకి అర్థం కాదు. మధ్యాహ్నమయ్యేసరికి పెద్ద లారీలు ఊళ్ళోంచి పోకుండా నో ఎంట్రీ పెట్టేవారు. ఆ వేళ దాటిపోయిన లారీ చీకటి పడేదాకా, నిప్పుల్లాంటి ఎండలో, వేడి ఇంకా ఆరని చిట్టెం మోసుకుని రోడ్డు పక్కన పడి ఉండాలి. డ్రైవర్లకి నీడ లేదు, నీళ్ళు లేవు, రేపటి ట్రిప్పు పోతుందన్న భయం వేరు. దానికి తోడు ఈ నీలం తెర అందరి లారీలకీ రావడం లేదు, కొన్ని లారీల వంతు వచ్చినప్పుడే వస్తోంది. ఆ మాట నిజమే, నేనూ గమనించాను. ఇంకేముంది, కాంటా బాబు చాయ్‌పానీ పేరుతో లంచం ఇవ్వనివాడి లారీ వస్తే మిషన్ని నిద్రపుచ్చుతాడని పుకారు పుట్టింది. మావయ్యలో ఎన్ని దోషాలున్నా ఆ ఒక్కటీ లేదు. కానీ ఆయన మొహం చూసి అది లేదని నమ్మేవాళ్ళు ఆ వరసలో ఎవరూ లేరు.

వాళ్ళలో ఒక పెద్ద వయసు డ్రైవరు ఉండేవాడు. తెల్లటి గడ్డం, మెడలో ఎర్ర గళ్ళ తువ్వాలు, ఆయనకంటే ముసలి లారీ. నీలం తెర ఎక్కువగా ఆయన వంతుకే వచ్చేది. ఒకనాటి ఉదయం, నేను ఆ యార్డుకి మామూలు తనిఖీకి వెళ్ళిన రోజే, అలా జరిగినప్పుడు ఆయన లారీ దిగి గదిలోకి వచ్చి, అరవకుండా, చేతులు కట్టుకుని నిలబడి, నా లారీ నీకేం చేసింది బాబూ అని అడిగాడు. ఆ నెమ్మదితనమే మావయ్యకి మంట పుట్టించిందేమో. కుర్చీలోంచి లేవడం, చెయ్యి విసరడం ఒక్కసారే జరిగాయి. చెంప మీద పడవలసిన దెబ్బ చెవి మీద పడింది. ముసలాయన గుమ్మం దాటి వెనక్కి పడితే ఆ తల కాంటా ఇనప అంచుకి తగిలింది. చెవిలోంచి నెత్తురు సన్నటి దారంలా కారి ఎర్ర తువ్వాలులో కలిసిపోయింది.

తరవాత జరిగింది నేను కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. వరసలో ఉన్న డ్రైవర్లంతా ఒక్కసారి దూకారు. మావయ్యని కాలర్ పట్టి బయటికి ఈడ్చి, రెండు లారీల మధ్య పడేసి, టైర్లు విప్పే రాడ్లతో కొట్టారు. కుస్తీ తెలిసిన మనిషి కాబట్టి మొదట ఇద్దర్ని పడగొట్టాడు, ఒకడి ముక్కు పగిలింది, ఇంకొకడి పన్ను ఊడి నా కాళ్ళ దగ్గర దుమ్ములో పడింది. ఆ తరవాత ఆయన కనిపించలేదు, రాడ్లు లేవడం దిగడం మాత్రమే కనిపించింది. తడి గోనెసంచిని కొడితే వచ్చే చప్పుడు వినిపించింది. నేను కిటికీ ఊచలు పట్టుకుని అరుస్తూనే ఉన్నాను. యార్డు కాపలావాళ్ళు వచ్చి విడదీసేసరికి మావయ్య ఎముకలు రెండు మూడు చోట్ల విరిగాయి, మొహం గుర్తుపట్టేలా లేదు.

పోలీసులు వచ్చారు, మేనేజరు ఇరువైపుల చేతా రాజీ అనిపించాడు. ముసలి డ్రైవరుకి ఆ చెవి ఇంక వినపడదని డాక్టరు తేల్చాడు. కేసు పెట్టమని తోటివాళ్ళు ఎంత ఒత్తిడి చేసినా ఆయన పెట్టలేదట. మిషను నా వంతుకే ఎందుకు ఆగుతుందో ఎవరైనా చెబితే చాలు, నాకింకేం అక్కర్లేదు అన్నాడట. ఆ మాట చేతులు మారి మా ఇంటిదాకా వచ్చింది.

నేను మావయ్యని చూడడానికి వెళ్ళినప్పుడు మంచం మీద కట్లతో పడుకుని ఉన్నాడు. అత్త గంజి తాగిస్తూ, ఆయన వినేలాగే, ఈ చెయ్యి ఏదో ఒకనాడు ఎవరి ప్రాణమో తీస్తుందని నాతో చెప్పుకుంది. అత్త లోపలికి వెళ్ళాక ఆయన నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఒలే గుంటా, నిజం సెప్పు. నాను కొట్టబట్టే అది సచ్చిపోతందేటే?"

ఎందుకు చచ్చిపోతోందో నాకే తెలియనప్పుడు ఎవరి చెయ్యి కాదో మాత్రం ఎలా చెప్పను? మా కంపెనీలో కొత్తగా చేరిన ఒకాయన అప్పటికి కొన్నాళ్ళ కిందట ఒక సంగతి చెప్పాడు. మిషను కుప్పకూలే క్షణంలో తన మెమరీలో ఉన్నదంతా డిస్కు మీద దింపి పెట్టేలా ముందే అమర్చుకోవచ్చనీ, దాన్ని క్రాష్ డంప్ అంటారనీ, తరవాత తీరిగ్గా విప్పి చూసుకుంటే ఆఖరి క్షణంలో ఏ ప్రోగ్రాం ఏం చేస్తోందో తెలుస్తుందనీ. మనిషి మరణ వాంగ్మూలం ఇస్తే మేజిస్ట్రేటు రాసుకున్నట్టన్నమాట. మేము ఇన్నాళ్ళూ చేసింది, వాంగ్మూలం మొదలెట్టగానే గొంతు నులిమి, శవానికి స్నానం చేయించి, మళ్ళీ కూర్చోబెట్టడం.

ఆ మర్నాడే యార్డుకి వెళ్ళి ఆ అమరిక మొదలుపెట్టాను. సెట్టింగుల్లో ఒక చోట టిక్కు పెడితే సరిపోతుందనుకున్నాను, పెట్టాను. మళ్ళీ నీలం తెర వచ్చినప్పుడు చూస్తే డిస్కు మీద ఏమీ లేదు. పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, మెమరీలో ఉన్నదంతా ముందుగా దిగడానికి సి డ్రైవులో పేజ్ ఫైల్ అనే జాగా ఉండాలి, అది మెమరీ కంటే కాస్త పెద్దదిగా ఉండాలి. ఆ మిషనులో సి డ్రైవు నిండా షిఫ్టు వాళ్ళెవరో పోసుకున్న పాటలూ, పేకాటలూ ఉండడంతో, పేజ్ ఫైల్‌ని ఎప్పుడో ఎవరో రెండో డ్రైవుకి తోసేశారు. అవన్నీ తీసేసి, జాగా చేసి, పేజ్ ఫైల్‌ని సి లోకి తెచ్చి కూర్చోబెట్టాను. కూలగానే మిషన్ని తనంతట తానే మళ్ళీ లేపే రెండో టిక్కు తీసే ఉందని చూసుకున్నాను. మేనేజరుకి ఇది బొత్తిగా నచ్చలేదు. డంప్ దిగడానికి పట్టే కొద్ది నిమిషాలు లారీలు ఇంకా ఎక్కువసేపు ఆగాలి కదా అన్నాడు. ఒక్కసారి ఆగితే ఇంకెప్పుడూ ఆగనవసరం లేకుండా చేస్తానని బతిమాలి ఒప్పించాను. తెల్లవారితే ఆయన మనసు మారుతుందేమోనని భయం కూడా ఉండేది.

మావయ్య ఎడం చెయ్యి మెడకి వేలాడేసుకుని, పూర్తిగా నయం కాకుండానే పనిలోకి వచ్చేశాడు. నీలం తెర వస్తే కింద అంకెలు నడుస్తాయనీ, అవి నూరు చేరేదాకా మిషన్ని ముట్టుకోవద్దనీ, స్విచ్ దించొద్దనీ ఆయనకి పదిసార్లు చెప్పాను. అంత పెద్ద మనిషీ బడిపిల్లాడిలా తల ఊపాడు.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. వరస పొడుగ్గా ఉంది, నో ఎంట్రీ వేళ దగ్గర పడుతోంది. చెవికి కట్టుతోనే ముసలి డ్రైవరు కూడా వచ్చాడు, ఇంట్లో కూర్చుంటే ఎవరు పెడతారు? ఆయన లారీ కాంటా మీదికి ఎక్కి ఆగింది. మావయ్య నంబరు కొట్టాడు. తెర నీలంగా మారింది.

అంకెలు నడవడం మొదలైంది. నేను తెర దగ్గరే నిలబడి వాటినే చూస్తున్నాను. బయట హారన్లు మొదలయ్యాయి, తరవాత తలుపులు తెరిచి దిగుతున్న చప్పుడు, తరవాత కాళ్ళ చప్పుడు. ఎప్పుడూ చేసినట్టు స్విచ్ దించి ఎత్తమని కిటికీ దగ్గర ఒకడు అడిగాడు. అతను అడిగినదాంట్లో తప్పేమీ లేదు, ఇన్నాళ్ళూ మేము చేసింది అదే. ఈసారి కుదరదని, కాసేపు ఆగమని నేను హిందీలో నచ్చజెప్పబోయాను. చూశారా, ఇవాళ బాహాటంగానే ఆపుతున్నారని వెనకనించి ఎవరో అరిచారు. ఆ అరుపుతో గుంపు తలుపు మీద పడింది. మెయిన్ స్విచ్ తలుపు పక్క గోడకే ఉంది. మిషనుకి ఊపిరి నిలపవలసిన యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. తలుపు తెరుచుకుంటే, ఎవరి చెయ్యి తగిలినా, అంతా పోతుంది.

మావయ్య లేచాడు. మూల నిలబెట్టి ఉన్న గడ్డపార కేసి చెయ్యి చాచడం చూశాను. ఆ చెయ్యి నాకు తెలుసు. తలుపు తీసి బయటికి ఉరుకుతాడని అర్థమైంది.

"మావయ్యా, సెయ్యెత్తకు. తలుపొగ్గీకు" అన్నాను, తలుపు వదిలెయ్యొద్దని.

ఆయన నా మొహం చూశాడు, తెర చూశాడు. గడ్డపార వదిలేసి, వెళ్ళి తలుపుకి వీపు ఆనించి, కాళ్ళు నేలకి తన్నిపెట్టి నిలబడ్డాడు. బయట తన్నుతుంటే ఆయన ఒళ్ళంతా తలుపుతో పాటు అదురుతోంది. ఇంకా అతకని ఎముకలు. రాయి ఒకటి కిటికీ అద్దం పగలగొట్టుకుని వచ్చి నా నుదుటికి తగిలింది, నెత్తురు కంట్లోకి కారితే తెర ఎర్రగా కనిపించింది, కొంగుతో తుడుచుకుంటూ అంకెలే చూశాను. తలుపుని ఆనుకునే ఉన్న కిటికీ ఊచల సందుల్లోంచి ఒక రాడ్డు లోపలికి వచ్చి మావయ్య భుజం మీద పడింది. మళ్ళీ పడింది. మూడోసారి చెవి దగ్గర పడి చెంప చీలింది. ఆయన కుడి చెయ్యి ఖాళీగా ఉంది, ఆ రాడ్డు పట్టుకుని లాగితే అవతలివాడి మణికట్టు విరిగేది, అది ఆయనకి చిటికెలో పని. ఆ చెయ్యి పైకి లేవబోయి, మళ్ళీ దిగి, తలుపు గడియ మీదే ఉండిపోయింది.

"ఇంకెంతుందే?" అని అడిగాడు, పళ్ళ మధ్య నుంచి.

సగం దాటిందని చెప్పాను. ఆ తరవాత ఆయన ఏమీ అడగలేదు. రాడ్డు పడినప్పుడల్లా ఒక మూలుగు మాత్రం వచ్చేది. నా జీవితంలో అంత నెమ్మదిగా నడిచిన అంకెలు ఇంకేవీ లేవు. నూరు కాగానే అయిపోయిందని అరిచాను. ఆ మాట కోసమే ఆగినట్టు ఆయన కిందికి జారిపోయాడు, తలుపు ఆయన మీదుగా విరిగి పడింది.

లోపలికి వచ్చినవాళ్ళు తెర మీద రాడ్డు వేస్తే పిడుగు పడినట్టు పేలింది. నేను కింద పెట్టె మీద పడి దాన్ని చేతులతో కప్పుకున్నాను. ఎవరి కాలో నా కుడి మణికట్టు మీద పడి ఎముక విరిగింది, ఆ చప్పుడు నాకే వినిపించింది. ప్రింటర్ బయటికి ఎగిరింది. బయట ఎవరో మేనేజరు జీపుకి నిప్పు పెట్టారు, నల్లటి పొగ గదిలోకి వచ్చింది. అంతలో పోలీసు ఈలలు వినిపించాయి, గుంపు ఒక్కసారి విరిగి పరుగెత్తింది.

ముసలి డ్రైవరు పరుగెత్తలేదు. ఆయన మొదటి నుంచీ ఈ గొడవలోకి రాకుండా తన లారీ పక్కనే నిలబడి ఉన్నాడు. వెనక నుంచి వస్తున్న ఈలలు, బూట్ల చప్పుడు ఆయన వినపడని చెవి వైపు ఉన్నాయి. అదే వైపున, పగిలిన గుమ్మం దగ్గర పడి ఉన్న మావయ్య అది చూశాడు. "భాగో, చాచా, భాగో!" అంటూ, పారిపొమ్మని ఉన్న ప్రాణమంతా పెట్టి అరిచాడు. ముసలాయన తిరగలేదు. లాఠీ తల మీద పడినప్పుడు కూడా, ఎటు నుంచి వచ్చిందో తెలియనట్టు, అటు కాక ఇటు తిరిగి చూశాడు. రెండో దెబ్బకి కూలిపోయాడు. మావయ్య నేల మీద పాక్కుంటూ వెళ్ళి ఆయన మీద పడ్డాడు, మిగిలిన లాఠీలు మావయ్య వీపు మీద పడ్డాయి.

పెట్టె సొట్టలు పోయింది గానీ లోపల డిస్కు బతికింది. చేతికి సిమెంటు కట్టు వేయించుకుని, ఎడం చేత్తో స్క్రూలు విప్పి, ఆ డిస్కుని మా కంపెనీలో ఉన్న అలాంటిదే ఇంకో మిషనులో పెట్టి లేపితే, డంప్ ఫైలు పొల్లుపోకుండా బయటికి వచ్చింది. కొత్తగా చేరిన ఆయనా నేనూ పక్కపక్కన కూర్చుని దాన్ని విప్పాం. కాంటా తీగ వచ్చి తగులుకునే కార్డు ఉంది కదా, దాన్ని నడిపే చిన్న ప్రోగ్రాం దగ్గర ఆఖరి ఊపిరి పోయింది. ఆ ప్రోగ్రాంని కూడా డ్రైవర్ అనే అంటారు. కాంటా నుంచి అంకెలు ఒక పద్ధతిగా వస్తే తీసుకుంటుంది, ఒక్కసారిగా కుప్పలుగా వచ్చి పడితే తన పాత్ర నిండి, పొర్లి, పక్కవాళ్ళ జాగా మీద పడి, మొత్తం మిషన్ని కూలుస్తుంది. మరి కుప్పలుగా ఎప్పుడొస్తాయి? గొడవ చల్లారాక యార్డుకి వెళ్ళి, ఒక లారీని కాంటా మీదికి నెమ్మదిగా ఎక్కించి ఆపమన్నాను, ఏమీ కాలేదు. అదే లారీని కాస్త వేగంగా ఎక్కించి గట్టిగా బ్రేకు కొట్టమన్నాను. వేదిక ఊగింది, బరువు అంకెలు పిచ్చెత్తినట్టు ఎగిరాయి, తెర నీలమైంది. బ్రేకులు సరిగ్గా పడని లారీలు కుదుపుతో ఆగేవి, అవి ఆగినప్పుడే మిషను ఆగేది. కార్డు తయారుచేసినవాళ్ళకి రాస్తే, ఇబ్బంది తమకు తెలిసినదేననీ, సరిచేసిన ప్రోగ్రాం ఉందనీ ఒక ఫ్లాపీ పంపారు. అది ఎక్కించాక ఆ మిషను మళ్ళీ నీలం తెర చూపించలేదు.

ఈ సంగతి ముసలి డ్రైవరుకి తనే చెప్పాలని మావయ్య పట్టుబట్టాడు. ఆస్పత్రిలో ఆయన తలంతా కట్టు, ఒక కన్ను వాచి మూసుకుపోయి ఉంది. మావయ్య మంచానికి ఒక పక్క నిలబడి మొదలుపెట్టి, ఆయనలో చలనం లేకపోవడం చూసి, అది ఏ చెవో గుర్తొచ్చి, తల వంచుకుని మంచం చుట్టూ తిరిగి రెండో వైపుకి వెళ్ళాడు. హిందీలో, నిదానంగా, బ్రేకు కుదుపు సంగతీ అంకెల సంగతీ తనకి అర్థమైనంత వరకూ చెప్పి, నేను ఆపలేదు చాచా అన్నాడు.

ముసలాయన, "బ్రేకు బాగుచేయించమని మా లారీ మాలిక్‌కి ఎన్నాళ్ళుగానో చెబుతూనే ఉన్నాను" అన్నాడు.

వార్డులో ఎవరో దగ్గుతున్నారు. వెళ్ళిపోదామని నేను లేవబోతుంటే, మావయ్య ఆయన కట్టు కేసి చూస్తూ, ఆ చెవి మాత్రం నా చేతిదే అన్నాడు.

"అది నాకు మిషను చెప్పక్కర్లేదు బేటా" అని ముసలాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. క్షమించాననలేదు, పొమ్మననూ లేదు. ఆయన బతికి బయటపడ్డాడు గానీ మళ్ళీ స్టీరింగు పట్టలేదని, సొంత ఊరు వెళ్ళిపోయాడని తరవాత విన్నాం.

మావయ్య ఉద్యోగం ఎక్కువ రోజులు నిలవలేదు. మిషను ఆగడం మానేశాక కిటికీ వెనక భయపెట్టే మనిషితో యార్డుకి పనిలేకపోయింది, ఆయన జీతంలో సగానికి ఇంకెవరినో పెట్టుకున్నారు. సీతారాండేరాలో తెలిసినవాళ్ళ టైర్ల కొట్టు చూసుకుంటూ మిగిలిన ఏళ్ళు గడిపాడు. కంచాలు గోడకి వెళ్ళడం తగ్గింది, కొన్నాళ్ళకి పూర్తిగా ఆగింది. కోపం తగ్గిందని మేము అనుకునేవాళ్ళం. భుజం లేవక తగ్గిందని అత్త అనేది. ఇద్దరిలో ఎవరి మాట నిజమో తేల్చే సాధనం ఇప్పటికీ నా దగ్గర లేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. అత్త ఆ గోడకి మళ్ళీ సున్నం వేయించలేదు.

ఈ మధ్య ఒక పని మీద ఆ వైపు వెళ్ళాను. యార్డు ఉంది గానీ కాంటా గది లేదు. లారీ వచ్చి నిలబడితే కెమెరాయే నంబరు చదువుకుంటుంది, తూకం తనే రాసుకుంటుంది, పచ్చ దీపం వెలిగితే పొమ్మని అర్థం. కొట్టుకునేవాళ్ళు లేరు, అరుపులు లేవు, చూడడానికి ఎంత ప్రశాంతంగా ఉందో. ఆ రాడ్లూ ఆ నెత్తురూ మళ్ళీ రావాలని మతి ఉన్నవాళ్ళెవరూ కోరుకోరు, నేనూ కోరుకోను. కానీ ఆ రోజుల్లో ఒక కిటికీ ఉండేది, దాని వెనక ఒక మొహం ఉండేది, నా లారీ నీకేం చేసిందని అడగడానికి ఒక మనిషి ఉండేవాడు, జవాబు చెప్పలేనందుకు తలొంచుకునే మనిషి కూడా ఉండేవాడు. నేను అక్కడ నిలబడి ఉండగానే ఒక లారీకి ఎర్ర దీపం వెలిగి, ఎంతకీ పచ్చగా మారలేదు. డ్రైవరు కిందికి దిగి, కెమెరా స్తంభం ముందు నిలబడి, తల పైకెత్తి ఏదో అడిగాడు. కాసేపు అలాగే చూసి, మళ్ళీ లారీ ఎక్కి, ఇంజను ఆపేసి కూర్చున్నాడు.